ట్రాలీ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: పాత ట్రాలీకి కమాన్లెయ్యి, పైన తాటిపత్రి గట్టు, ముంగట బరువు వెట్టు, కేస్లాపూర్ బోదాం.

అవతారిక: పుష్య అమావాస్యకు ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో మెస్రం వంశీయులు జరిపే నాగోబా జాతరకు వెళ్లి, చెట్ల కింద నాలుగు రాత్రులు విడిది చేయదలచిన కరీంనగర్ రైతు వెల్డింగ్ షాపు ముందు నిలబడి పలకదగిన వాక్యమిది.

ప్రతిపదార్థం: పాత = ఎరువు, వడ్లు మోసి అరిగిన; ట్రాలీకి = సొంత ఇంజను లేక, ట్రాక్టరు వెనుక పిన్నుతో తగిలించుకొని నడిచే బండికి; కమాన్లు = విల్లులా వంచి ఒకదాని కింద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలను; ఎయ్యి = ఇరుసుపై బిగించుము; పైన = ఇనుప కమ్ముల గూటిపై; తాటిపత్రి = మంచు, వాన దిగని మందపు పట్టాను; కట్టు = తాళ్లతో బిగించుము; ముంగట = ఇరుసుకు ముందు; బరువు = బియ్యం మూటను, నీళ్ల డ్రమ్మును; పెట్టు = ఉంచుము; కేస్లాపూర్ = కేస్లాపూరుకు; పోదాం = వెళ్లుదము.

వ్యాకరణ విశేషం: ‘గట్టు’, ‘వెట్టు’ అనే చోట్ల గసడదవాదేశం జరిగింది. ‘బోదాం’లో విభక్తితోపాటు ద్రుతం లోపించినా దాని వల్ల వచ్చిన సరళం మాత్రం మిగిలింది; డబ్బా తుప్పుపట్టి రాలినా ఇరుసు మిగలడం ఇందుకు దృష్టాంతం. కమాన్ అంటే ఉర్దూలో విల్లు. తాటిపత్రిని కొందరు తాళపత్రంతోను, కొందరు టార్పాలిన్‌తోను ముడిపెడతారు. వాన కురిసే వేళ ఈ వివాదం నిలవదు.

అర్థ విశేషం: సూత్రానికి ప్రాణం ‘ముంగట’ అన్న పదంలో ఉంది. బరువు ఇరుసుకు వెనుక పడితే ట్రాలీ ముక్కు పైకి లేచి, బండి అటూ ఇటూ ఊగుతుంది. మితిమీరి ముందుకు పడితే ట్రాక్టరు వెనుక కొండీ కుంగి, ఎత్తు ఎక్కేటప్పుడు దాని ముందు చక్రాలు నేలను వదలజూస్తాయి. కనుక ‘ముంగట’ అంటే కొంచెం ముందుకు అనే గ్రహించాలి. వెనుక బరువైతే కాడి లేచి ఎడ్ల మెడకు ఉరి పడుతుందని, ముందు బరువైతే మూపు పుండవుతుందని కచ్చురం, అనగా గూడు కట్టిన సవారి బండి, తోలినవారికి ఎప్పుడో తెలుసు.

ఇక కరీంనగర్ నుంచి కేస్లాపూరుకు జన్నారం మీదుగా పోయే దారి 2012లో ప్రకటించిన కవ్వాల్ పులుల అభయారణ్యం గుండా సాగుతుంది గనుక విడిది కేస్లాపూర్‌లోనే చేయాలి గాని అడవిలో ఆగి పొయ్యి రాజేయరాదు.

శంక: ‘బోదాం’ అనే బహువచనంలో ఎవరెవరు చేరతారు? సమాధానం: వ్యవసాయ ట్రాలీ సరుకు మోయడానికే గాని మనుషులను ఎక్కించుకోవడానికి కాదు, ట్రైలరును కూడా వాహనంగానే చూసే 1988 మోటారు వాహనాల చట్టం దాని రూపు మార్చడానికీ హద్దులు పెట్టింది. అందువల్ల ఆ క్రియకు కర్తలు గిన్నెలు, పరుపులు, బియ్యం మూట మాత్రమే.

తాత్పర్యం: పడుకోవడానికి ట్రాలీ, ప్రయాణానికి ఆర్టీసీ బస్సు.