బారసాలకల్లా నడుము

బారసాలనాటికి బిడ్డకు పేరు, తల్లికి నడుము రెండూ తేలిపోవాలని ఎవరు ముహూర్తం పెట్టారో గాని, ఫోనులో కాపురమున్న వెయిట్‌లాస్ కోచ్‌లకు అది బాగా కలిసొచ్చింది. 21 రోజుల్లో పొట్ట మాయమట! తొమ్మిది నెలలు సాగిన గర్భసంచి మామూలు సైజుకి రావడానికే ఆరు వారాలు పడుతుంది. పాపం, దానికి కోచ్ లేడు.

ప్యాకేజీ ఇలా ఉంటుంది. పొద్దున్నే జీలకర్ర నీళ్ళు, మధ్యాహ్నం గిన్నెడు కీరా ముక్కలు, రాత్రికి పల్చటి సూపు. అన్నం పేరెత్తితే గ్రూపులోంచి వెలి. ఈ మెనూ రాసినవాళ్ళు అర్ధరాత్రి రెండింటికి లేచి పాలిచ్చి, ఆ ఆకలికి వంటింట్లో డబ్బాలు తడుముకున్నవాళ్ళు మాత్రం కారు. పైన ‘డిటాక్స్ టీ’ ఒకటి. అలాంటి పొట్లాలు చాలావాటిలో ఉండేది సునాముఖి ఆకే, అంటే విరేచనాల మందు. దాంతో పోయేది నీళ్ళు, కొవ్వు కాదు. కీటో పేరుతో పిండిపదార్థాలు పూర్తిగా మానేసిన పాలిచ్చే తల్లులు రక్తంలో ఆమ్లం పెరిగి ఆసుపత్రి పాలైన ఉదంతాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. అవి రీల్స్‌లో రావు.

హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజూ 600 కేలరీలు అదనంగా కావాలని లెక్క కట్టింది అక్కడే. రోజుకి దాదాపు ముప్పావు లీటరు పాలు తయారుచేసే ఒళ్ళు మరి! కడుపుతో ఉన్నప్పుడు చేరిన కొవ్వులో కొంత ఈ పనికే. రెండు నెలలు ఆగి, పాలు కుదురుకున్నాక, పప్పూ కూరా కడుపునిండా తింటూ, రోజూ కాస్త నడుస్తూ వారానికి అరకిలో తగ్గితే సాధారణంగా బిడ్డ పాలకు లోటు రాదు. కానీ అరకిలోకి ఫీజు ఎవరు కడతారు? ‘ముందు–తర్వాత’ ఫొటోలో అది కనపడి చావదు.

ఇంట్లో పెద్దలేం తక్కువ తినలేదు. నీళ్ళెక్కువ తాగితే బాలింతకు పొట్ట పెరుగుతుందని చెంబు దాచేస్తారు. కోచ్ అన్నం వద్దంటాడు, అమ్మమ్మ నీళ్ళు వద్దంటుంది, పాలు మాత్రం ఇద్దరికీ కావాలి. అవి తగ్గాయంటే డబ్బా తెప్పించి, ‘ఈ కాలం పిల్లలకి ఓపికేదీ’ అంటారు.

ఇక బిడ్డను చూడ్డానికొచ్చిన బాబాయిగారు. ‘ఇంకా తగ్గలేదేంటమ్మా?’ అని పరామర్శ. ఏ కాన్పూ లేకుండానే ఆయనది ఏడో నెల పొట్ట. మనం మాత్రం ‘ఇంకో రెండు జంతికలు వేసుకోండి’ అంటాం.