గిటారు మెడ మీద ఆకురాయి

వేగం వేళ్లలో ఉంటుందని ఇన్నాళ్లూ భ్రమపడ్డాం. కాదట, చెక్కలో ఉంటుందట. అదీ చెక్క ఉన్నచోట కాదు, లేనిచోట. ఎలక్ట్రిక్ గిటారు మెడ మీద ఫ్రెట్టుకూ ఫ్రెట్టుకూ (అడ్డంగా ఉండే లోహపు మెట్లకు) మధ్యనున్న చెక్కను గుంటలు పడేలా తొలిపిస్తే వేళ్లు వాటంతట అవే పరుగెడతాయట. దీన్ని స్కాలప్ చేయించడం అంటారు. గిటారు పట్టి రెండేళ్లయినా ఒక్క పాట చివరిదాకా వాయించని వాళ్లకు ఇది దివ్యౌషధమని ప్రచారం.

"గుంటలు తీపిస్తే స్పీడొస్తదన్నా. వేలు చెక్కకు తాకది గద, జారుకుంట పోతది" అన్నాడు కరీంనగర్ తమ్ముడొకడు. అంతకుముందు అతని వాయింపు విన్నవాణ్ని. అతని వేళ్లకు చెక్క ఏనాడూ అడ్డు రాలేదు. అడ్డొచ్చిందల్లా ఏ వేలు ఎప్పుడు ఎక్కడ పెట్టాలన్న సందేహమే. ఆ సందేహాన్ని గీకే ఆకురాయి ఇంకా మార్కెట్లోకి రాలేదు.

ఆడలేనివాడు మద్దెల ఓడు అన్నాడంటారు. పాతకాలంవాడు కాబట్టి అనేసి ఊరుకున్నాడు. ఇప్పటివాడు డబ్బిచ్చి మరీ మద్దెలకు తూటు పొడిపించుకుంటున్నాడు.

ఆ పని ఎలా జరుగుతుందో చూడాల్సిందే. తీగలన్నీ విప్పేస్తారు. ఫ్రెట్లకు గీతలు పడకుండా వాటి మీద టేపు అతికిస్తారు. ఆదిలాబాద్ టేకుతో దర్వాజలు చేసిన వడ్ల ఆయన గుండ్రటి ఆకురాయి తీసుకుని రెండు ఫ్రెట్ల మధ్య ముందుకూ వెనక్కూ గీయడం మొదలుపెడతాడు. రోజ్‌వుడ్ పొడి ముదురు కాఫీ రంగులో ఒళ్లో రాలుతుంది. తర్వాత గరుకు సాండ్ పేపరు, ఆపైన నున్నటిది. మెడ మీది ఆ పై పలక మందమే సుమారు పావంగుళం. అందులో ఎంత తవ్వాలో ఆ వడ్ల ఆయనకు తెలియదు, చేయించుకునేవాడికి అసలే తెలియదు. గుర్తు కోసం పొదిగిన తెల్ల చుక్కలు లోతు లేనివి కాబట్టి ఒక్కోసారి పొడితోపాటే రాలిపోతాయి. ఎక్కువ తవ్వితే మళ్లీ పూడ్చే దారి లేదు. పలక మొత్తం మార్చాలి, లేదా గిటారును గోడకు తగిలించి అభిమానులకు చూపించుకోవాలి.

అసలు వినోదం తీగలు మళ్లీ బిగించాక. మామూలు గిటారులో వేలు తీగను నొక్కితే కింద చెక్క ఆపుతుంది. ఇక్కడ ఆపేది గాలి. బలంగా నొక్కేకొద్దీ తీగ గుంటలోకి దిగుతుంది, బిగువు పెరుగుతుంది, శ్రుతి పైకి పోతుంది. కొత్తగా నేర్చుకునేవాడు ఎలా నొక్కుతాడో చెప్పక్కర్లేదు, గిటారు పారిపోతుందేమో అన్నట్టు నొక్కుతాడు. చూపుడువేలును అడ్డంగా పరిచి ఎఫ్ కార్డు పట్టాడంటే ఆరు తీగలు ఆరు దారులు. తీగలన్నిటినీ అడ్డంగా నొక్కిపట్టే కాపో గట్టిగా బిగిస్తే అదీ ఇంతే. పక్కనున్న కీబోర్డు మాత్రం ఉన్నచోటే ఉంటుంది, దానికి మొహమాటం లేదు. గణేశ్ మండపం దగ్గర ఈ ఇద్దరూ కలిసి వాయిస్తే తిట్లు తినేది సౌండు బాక్సుల వాడు.

మరి పెద్దపెద్దవాళ్లు వాయించారు గదా అంటారు. వాయించారు. డీప్ పర్పుల్ బృందపు రిచీ బ్లాక్‌మోర్ గిటారులో లావు తీగల వైపు గుంట తక్కువ, సన్న తీగల వైపు ఎక్కువ. అంటే ఏ తీగకు ఎంత కావాలో లెక్క చూసుకున్నాడన్నమాట. స్వీడన్‌వాడు ఇంగ్వే మాల్మ్‌స్టీన్ పేరుతో ఫెండర్ కంపెనీ 1988లో గుంటల గిటారే విడుదల చేసింది. అతని చేతివేగం చూసి మనవాళ్లు గుంటలు కొనుక్కున్నారు. అతను చిన్నప్పటి నుంచి గిటారు వదలకుండా చేసిన సాధన మాత్రం ఏ పెట్టెలోనూ పెట్టి అమ్మలేదు. స్టీవ్ వాయ్ ఐబనెజ్ గిటారులో చివరి నాలుగు ఫ్రెట్ల మధ్యే గుంటలుంటాయి. నాలుగు చాలనుకున్నాడు పాపం, మన తమ్ముడికి మొదటి ఫ్రెట్టు నుంచే కావాలి.

నిజం ఒప్పుకోవాలి, గుంటకు ఉపయోగం లేకపోలేదు. వేలికొస చెక్కకు రాసుకోదు, తీగ కింద పట్టు దొరుకుతుంది, పక్కకు లాగి స్వరాన్ని ఊపడం తేలికవుతుంది. ఎత్తైన ఫ్రెట్లు వేయించుకున్నా చాలావరకు ఇదే సుఖం దక్కుతుంది, చెక్కా మిగులుతుంది. కానీ దాని గురించి గొప్పలు చెప్పుకోవడానికేం ఉంటుంది?

ఈ ఊపడం దగ్గరికి రాగానే రెండో రకం భక్తులు లేస్తారు. ఇది మన వీణేనని, తెల్లవాళ్లు కాపీ కొట్టారని. మాల్మ్‌స్టీన్ తానే చెప్పుకున్న కథలో అతనికి ఆ ఊహ ఇచ్చింది 17వ శతాబ్దపు ల్యూటు. వీణ సంగతి నిజమే, 24 మెట్లను మైనంలో దండికి ఎత్తుగా నిలబెడతారు కాబట్టి మెట్టు దగ్గర వేలు దండిని తాకదు. ఒకే మెట్టు మీద తీగను లాగి పై స్వరాలు పలికిస్తారు. అయితే వీణ ఇంట్లో ఉన్నంత మాత్రాన గమకం వచ్చేదైతే, గోడవారన గుడ్డ కప్పి ఉంచిన వీణలున్న ఇళ్లన్నీ సంగీత సభలే అయ్యుండేవి.

జాన్ మెక్‌లాఫ్లిన్ వరస చూడండి. 1971లోనే మహావిష్ణు ఆర్కెస్ట్రా పెట్టి పేరు మోసిన గిటారు విద్వాంసుడు. అంతటివాడు అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో ఎస్. రామనాథన్ దగ్గర శిష్యుడిగా కూర్చుని వీణ నేర్చుకున్నాడు. ఎల్. శంకర్, జాకిర్ హుస్సేన్, విక్కు వినాయకరామ్‌లతో కలిసి 'శక్తి' బృందంలో వాయించడానికి గుంటలున్న గిటారు చేయించుకున్నాడు. తన చెవికి వినబడ్డది మామూలు గిటారు మీద పలకలేదు కాబట్టి చెక్క తీయించాడు. వియత్నాం దక్షిణాదిన కాయ్‌లుయాంగ్ నాటకాల వాద్యగాళ్లు ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలోనే గిటారును లోతుగా తొలిచారు. గుంటలోకి తీగను నొక్కి శ్రుతి పెంచడమే వాళ్ల విద్య. మన తమ్ముడికి తెలియకుండా జరిగే అపశ్రుతి అక్కడ తెలిసి చేసే గమకం.

మన పాలకొల్లు ఉప్పలపు శ్రీనివాస్ కూడా వాద్యాన్ని మార్చినవాడే. జంటలుగా ఎనిమిది తీగలుండే మాండలిన్‌ను ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ వాద్యం చేసుకున్నాడు. ఆ తర్వాత అదే మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చుని వాయించాడు. వీళ్లందరి లోపలా ఏదో పాట ఉంది, బయటికి రావడానికి వాద్యం అడ్డం వచ్చింది, వాద్యాన్ని సరిచేసుకున్నారు. లోపల ఏమీ లేనివాడు ముందే దారి వెడల్పు చేయించుకుంటే దాంట్లోంచి ఏం వస్తుంది?

కరీంనగర్ నుంచి ఉత్తరానికి పోతే ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలంలో కేస్లాపూర్ వస్తుంది. పుష్య అమావాస్యకు మెస్రం వంశం వాళ్లు అక్కడ నాగోబా జాతర చేస్తారు. గోండుల పూజల్లో వాళ్ల దేవతల, వంశాల కథలు పాడే బాధ్యత తరతరాలుగా పర్ధాన్లది. వాళ్ల చేతిలో కిక్రి ఉంటుంది. మూడు తీగలు, ఒక కమాను. గుంటల మాట దేవుడెరుగు, అసలు మెట్లే లేవు. స్వరం ఎక్కడుందో ఏ ఇత్తడి ముక్కా చూపించదు. వేలు వెతుక్కోవాలి, చెవి ఔననాలి. కథ మాత్రం ఎక్కడా దారి తప్పదు. ఆ వేలుకూ చెవికీ ఎన్నేళ్లు పట్టిందో అడిగేవాళ్లు మన గిటారు వీరుల్లో నాకింకా తగల్లేదు.

అడిగితే ఏమవుతుందో ఊహించగలను కూడా. రేపో మాపో ఒక వీడియో వస్తుంది. గుంటలు పాతబడిపోయాయి, ఫ్రెట్లే స్పీడుకు అడ్డం, కిక్రి వాళ్లకు ఉన్నాయా చెప్పండి అంటుంది. వడ్ల ఆయనకు మళ్లీ గిరాకీ తగులుతుంది, ఈసారి పటకారుతో.