‘6బి’ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: 6బి.

ప్రతిపదార్థం: మూలం ఇంతే. కర్త లేడు, క్రియ లేదు. అన్వయం కుదరాలంటే రెంటినీ అధ్యాహారం చేసుకోక తప్పదు: ‘ఈ కొండరాతి రూటున, ముందే బిగించిన బోల్టులకు తాడు తగిలిస్తూ, ఎక్కడా ఆ తాడుకు వేలాడకుండా పైదాకా ఎక్కినవారికి తోచిన కష్టం’ అని. 6 అనగా రూటు కష్టాన్ని చెప్పే ఫ్రెంచి గ్రేడుల కొలమానంలో ఒక మెట్టు; బి అనగా ఆ మెట్టులోనే ఏ కంటె కష్టం, సి కంటె సుళువు. అమెరికా వారు దీన్నే సుమారుగా 5.10డి అంటారు. వారి లెక్కలో 5.9 తర్వాతిది 5.10. 5.9ని మించిన కష్టం లేదనుకుని మొదలుపెట్టి, ఉందని తేలాక దశాంశాన్ని సాగదీశారు. గణితజ్ఞులు మన్నించాలి, వైయాకరణులకు ఇటువంటి ఆర్షప్రయోగాలు అలవాటే.

విశేషం: ‘ఎక్కినవారికి’ అన్న అధ్యాహారం దగ్గరే వివాదమంతా. పూర్వపక్షి అడుగుతాడు: రాయి అందరికీ ఒక్కటే కదా, కష్టం రాతి గుణం ఎందుకు కాకూడదు? రాయి ఒక్కటేనన్న మాటే నిలవదు. భువనగిరి ఏకశిల గ్రానైటు. అక్కడి పట్టు ఏళ్ల తరబడి పట్టుగానే ఉంటుంది. విశాఖపట్నం దగ్గరి ఆనందపురం చుట్టుపక్కల కొండలది ఎక్కువగా ఖొండలైటు. ఎండకూ వానకూ ఎర్రబారి పొడిపొడిగా రాలే జాతి. బలంగా లాగితే పట్టు చేతికే వచ్చేయవచ్చు. దానిని గ్రంథపాతం అనాలి. ఉలితో కొత్త పట్టు చెక్కితే అది ప్రక్షిప్తం, క్షమించరానిది. పైగా సముద్రపు తేమకు వేళ్లు జారుతాయి, పట్టు కోసం చేతులకు పూసుకున్న చాక్ పొడి తడిసి ముద్దవుతుంది. ఇక ఎక్కేవారి సంగతి. పొడుగువారికి చేయి చాస్తే అందే పట్టు పొట్టివారికి గెంతితే గాని అందదు. సన్నని పగులులో చిన్నవేళ్లకు దొరికిన చోటు లావువేళ్లకు దొరకదు.

అయితే మొదట ఎక్కినవారి మాటే ప్రమాణమా? కాదు. ఆనందపురం పూల మార్కెట్‌లో చామంతి ధర తోట రైతు ఒక్కడు చెబితే ఖాయమవుతుందా? ఫ్రాన్సులోని సెయూజ్ కొండమీద ‘బిబ్లియోగ్రఫీ’ అనే రూటును 2020లో అలెగ్జాండర్ మెగోస్ మొదట ఎక్కి 9సి అన్నాడు. మరుసటి ఏడు స్టెఫానో గిసోల్ఫీ ఎక్కి 9బి ప్లస్ చాలన్నాడు. మెగోస్ ఒప్పుకున్నాడు. వ్యాఖ్యాత దిద్దితే కవి ఒప్పుకున్న సందర్భాలు మన వాఙ్మయంలో ఎన్ని ఉన్నాయో పెద్దలు చెప్పాలి! అందుకు భిన్నంగా, నార్వేలోని ఫ్లాటాంగర్ గుహలో ఆడమ్ ఒండ్రా 2017లో ఎక్కిన ‘సైలెన్స్’కు ఏళ్ల తరబడి రెండోవారు దొరకలేదు. ఆ కాలమంతా అక్కడి 9సి ఒక ప్రతిపాదనే. మూలంలో లేనిది రాయనని ప్రతిజ్ఞ చేసిన మన కొలిచాల మల్లినాథసూరి అయినా వ్యాఖ్యకు ముందు కావ్యమంతా చదివి తీరాలి కదా. ఎక్కనివారి అభిప్రాయానికి ఇక్కడ విలువ లేదు.

ఆక్షేపం: గ్రేడును దించడంలోనూ గొప్పలకు పోవడం ఉండదా? ఉంటుంది, బాగానే ఉంటుంది. ‘ఇదేం 6బి, 5సి కూడా కాదు’ అనేవాడి వాక్యంలో రాయి కంటె అతడి భుజాలే ఎక్కువ కనిపిస్తాయి. అందుకే ఒక్క వ్యాఖ్య చాలదు. పరస్పరం పొసగని వ్యాఖ్యలు కొన్ని పోగుపడాలి.

మరో ఆక్షేపం: ఇంత అస్థిరమైనదాన్ని వదిలేస్తే పోలేదా? టోక్యో ఒలింపిక్స్‌లో లీడ్ క్లైంబింగ్‌ను గ్రేడుతో పని లేకుండా, ఎంత ఎత్తుకు చేరారన్న లెక్కతోనే నడిపారు కదా? అక్కడ అందరూ ఒకే రోజు ఒకే గోడ ఎక్కుతారు. కొండకు వచ్చేవారు వేర్వేరు కాలాల్లో, వేర్వేరు బలాలతో వస్తారు. భువనగిరి రాతిమీద శిక్షణ పొంది 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ వంటి పిల్లలకు ఏ కావ్యం ముందు, ఏది తర్వాత అన్న పఠనక్రమం కావాలి. గ్రేడు చేసే పని అదే. అది కాస్త అటూ ఇటూ అయినా క్రమం చెడదు.

తాత్పర్యం: ఆనందపురం కొండల్లో గట్టి రాయి వెతికి, అనుమతి తీసుకుని ఎవరైనా కొత్త రూటుకు బోల్టులు కొడితే గ్రేడును ఒంటరిగా రాయకూడదు. పక్కన ఎక్కినవారి ఎత్తు, ఎక్కిన నెల కూడా వేయాలి. ‘6బి’ అని మాఘమాసపు పాఠం, ‘6సి’ అని శ్రావణమాసపు పాఠాంతరం. రెండూ గ్రాహ్యమే.