శాస్తి వాక్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: రాత్రి పదకొండు దాటింది. సాయంత్రం బండి దగ్గర మిరపకాయ బజ్జీలు లాగించి, ఇంటికొచ్చి ఆవకాయన్నం కూడా వదలని భర్తగారు ఛాతీ రుద్దుకుంటూ పచార్లు చేస్తున్నారు. ఇల్లాలు వంటింట్లోంచి ఇలా సెలవిచ్చింది.

మూలం: "చెబితే విన్నారా? తగిన శాస్తి జరిగింది!"

ప్రతిపదార్థం: చెబితే = నూనె సరుకు వద్దని మొత్తుకుంటే; విన్నారా = వినలేదు (ప్రశ్న కాదు, తీర్పు); తగిన = తిన్న బజ్జీల లెక్కకు సరిపడా; శాస్తి = గుండెల్లో మంట; జరిగింది = దానంతటదే అయింది, నా ప్రమేయం లేదు.

విశేషం: 'శాస్తి'కి మూలం సంస్కృతంలోని శాస్ ధాతువు. బోధించడం, ఏలడం, దండించడం మూడూ దాని పనులే. శాస్త్రం, శాసనం, శిష్యుడు ఆ ఇంటివాళ్ళే. శబరిమల ధర్మశాస్త పేరూ అక్కడిదే. అమరకోశం బుద్ధుణ్ణి కూడా 'శాస్త' అంది. బోధించేవాడు, దండించేవాడు ఒక్కరే అన్నమాట. బెత్తం పట్టిన పాతకాలపు పంతుళ్ళకు ఈ సంగతి వ్యాకరణం చదవకుండానే తెలుసు. కాబట్టి శాస్తికి ముందు ఉపదేశం ఉండితీరాలి. ఎవరూ వద్దనకుండా మంటొస్తే అది ఖర్మ. వద్దన్నాక వస్తేనే శాస్తి. మూలంలో 'చెబితే' ముందుగా పడింది అందుకే.

'శిక్ష' ధాతువు వేరైనా దాని కథా ఇలాంటిదే. వేదాంగాల్లో అది ఉచ్చారణ శాస్త్రం, హిందీలో చదువు, తెలుగులో మాత్రం జైలు. సర్వశిక్షా అభియాన్ పేరు విని తెలుగు పిల్లలు ఉలిక్కిపడితే తప్పు వాళ్ళది కాదు.

అయితే శిక్ష ఎవరో ఒకరు వేయాలి. దానికి సెక్షన్లుంటాయి, అప్పీళ్ళుంటాయి. 1860 నాటి శిక్షాస్మృతి స్థానంలో 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత రావడంతో చట్టం పేరులోంచి శిక్ష పోయి న్యాయం చేరింది. శాస్తికి ఈ తతంగమేదీ లేదు, అది 'జరుగుతుంది'. 'శాస్తి చేస్తాను' అనడమూ ఉంది గానీ, అది ఎక్కువగా జానపద సినిమాల్లో రాజుగారి బెదిరింపు. ఇక్కడ కర్త నూనె. నూనె సరుకు కడుపులోంచి త్వరగా కదలదు. ఆ పైన నడుం వాలిస్తే ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నుతుంది.

పాఠాంతరాలు: 'బాగా అయింది', 'తిక్క కుదిరింది', 'రోగం కుదిరింది'. మొదటిదాంట్లో సంతోషం మరీ బాహాటం. రెండోది పరాయివాళ్ళకే బాగుంటుంది. మూడోది ఈ సందర్భానికి అసలే పొసగదు. రోగం ఇంకా కుదరలేదు.