ముందు బోర్డులు పీకేయండి

మీ ఊరి కూడలిలో తరచూ ప్రమాదాలు జరుగుతున్నాయా? సిగ్నల్ దీపాలు తీసేయండి. ‘నెమ్మదిగా వెళ్లండి’ అన్న బోర్డునూ పీకేయండి. తలకిందుల సలహాలా ఉన్నా, నెదర్లాండ్స్‌లోని ఫ్రీస్‌లాండ్‌లో హాన్స్ మోండర్మన్ అనే ట్రాఫిక్ ఇంజనీరు చేసి చూపించింది ఇదే.

అన్నీ బోర్డులే చెప్పేస్తుంటే డ్రైవరు చుట్టూ చూడటం మానేస్తాడు. పచ్చదీపం పడగానే దారంతా తనదే అనుకుంటాడు. దీపం మీద ఉన్న చూపు రోడ్డు మీద కాలు పెట్టిన పిల్లాడి మీద ఉండదు. ఏం జరుగుతుందోనన్న చిన్న అనుమానం ఉంటేనే కాలు బ్రేకు మీదికి పోతుంది. ఆ అనుమానాన్ని పోగొట్టకండి.

డ్రాఖ్తెన్ పట్టణంలోని లావైప్లైన్ కూడలి మీదుగా రోజుకు 22 వేల దాకా వాహనాలు వెళ్తాయి. అక్కడ సిగ్నళ్లు తీసేసి, కూడలిని గుండ్రంగా మార్చి, ఫౌంటెన్లు పెట్టారు. చూడవచ్చిన అతిథుల ముందు మోండర్మన్ ఆ ట్రాఫిక్‌లోకి వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వెళ్లేవాడు. కార్లు ఆయన్ని తప్పించుకుని సాగిపోయేవి.

అలాగని ఉత్తినే బోర్డులు పీకి ఊరుకోకండి. అది ప్రాణాల మీదికి తెస్తుంది. ముందు దారిని ఇరుకు చేయండి. తారు తీసి ఇటుక పరవండి. అంగళ్లు, బెంచీలు, సైకిళ్లు, మనుషులు కంటపడేలా చేయండి. వేగం 30 కిలోమీటర్ల లోపుకు దిగితేనే డ్రైవరూ నడిచేవాడూ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకోగలరు. హైవేల జోలికి మాత్రం పోవద్దు. అక్కడ బోర్డు ఉండాల్సిందే, మోండర్మన్ కూడా ఆ మాటే అన్నాడు.

కాలిబాట పక్కన ఇనుప కమ్మీలుంటే వాటినీ ఊడదీయండి. లండన్‌లోని కెన్సింగ్టన్ హై స్ట్రీట్‌లో కమ్మీలు, అనవసరపు స్తంభాలు తీసి వీధిని మళ్లీ తీర్చిదిద్దాక పాదచారుల ప్రమాదాలు 40 శాతానికి పైగా తగ్గాయి. కమ్మీ ఉందంటే ఇటు ఎవరూ రారన్న ధీమా డ్రైవరుకు వచ్చేస్తుంది.

ఒక్కచోట మాత్రం నేను మోండర్మన్ అభిమానుల పక్షాన లేను. చూపులేనివాళ్లు ఎవరి కళ్లలోకి చూడాలి? కాలిబాట అంచు గట్టే వాళ్లకు దారి చూపేది. దాన్ని రోడ్డుతో సమానం చేస్తే వాళ్లు వీధిలోకి రావడమే మానేస్తారు. అందుకే 2018లో బ్రిటన్ ప్రభుత్వం అలాంటి కొత్త పథకాలను ఆపమని ఇంగ్లండ్‌లోని పురపాలక సంఘాలకు చెప్పింది. ఆ గట్టు ఉంచండి. మీట నొక్కి దాటే సిగ్నల్ ఒకటి ఉంచండి. మిగతా స్తంభాలన్నీ లారీ ఎక్కించండి.