పక్కింటి జబ్బు

మా బావ ఫోను చేశాడు. వెనకాల ముక్కలు కలుపుతున్న చప్పుడు వినపడుతోంది.

"నీ మేనల్లుడు చెడిపోయాడు బావా. పొద్దస్తమానం ఫోనే. తుపాకులు, బాంబులు, ఎవడితోనో అరుపులు. ఇది వ్యసనమంట, జబ్బంట. గుంటూరులో డాక్టరుకి చూపిద్దాం, నువ్వూ రా" అన్నాడు. అంటూనే "డ్రాప్" అన్నాడు. అది నాతో కాదు.

మాది నాదెండ్ల. ఇటు చిలకలూరిపేట, అటు నరసరావుపేట, మధ్యలో పత్తి, మిరప, పొగాకు. ఈ మూడు పంటలు వేసేవాడికి వేరే జూదం అక్కర్లేదని మా నాన్న అనేవాడు. అయినా మావాళ్లకు చాలదు.

గుంటూరు బయల్దేరేముందు ఆ జబ్బేమిటో కాస్త చదివాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 జనవరి 1 నుంచి అమల్లో పెట్టిన రోగాల పట్టికలో ప్రతి జబ్బుకీ ఇంటి నంబరు లాంటిది ఒకటుంటుంది. వీడియో గేముల జబ్బుది 6సి51. పక్కింట్లో ఎవరుంటారా అని తొంగిచూశాను. 6సి50. జూదం. ఒకటే వీధి, ఒకటే అరుగు. ఆ 6సి50 అరుగు మీద చతికిలబడి, చేతిలో పదమూడు ముక్కలు పట్టుకుని, మావాళ్లు 6సి51 కుర్రాణ్ని చూసి "వీధి పాడైపోతోందిరా" అంటున్నారు.

రోజుకి ఎన్ని గంటలాడితే జబ్బో ఆ పట్టికలో లేదు. ఊరికే ఎక్కువగా ఆడినంత మాత్రాన జబ్బని ముద్ర వెయ్యొద్దని కూడా చెప్పారు. చూడాల్సినవి మూడు. ఆపాలనుకుంటే ఆపగలుగుతున్నాడా? తిండి, నిద్ర, చదువు, పని అన్నీ వెనక్కిపోయి ఆటే ముందుకొచ్చిందా? నష్టం కళ్లెదుట కనపడుతున్నా వదలడం లేదా? ఇవి బతుకుని దెబ్బతీసేంతగా, మామూలుగా ఏడాదిపాటు సాగితే అప్పుడు జబ్బు.

మా మేనల్లుణ్ని అడిగాను. రాత్రి మూడు గంటలు ఆడతాడు. అన్నానికి పిలిస్తే మూడో కేకకి వస్తాడు. గోళీలాడే రోజుల్లో మేము ఏడో కేకకిగానీ వచ్చేవాళ్లం కాదు. బడి మానలేదు, మార్కులు వాళ్ల నాన్నకి వచ్చినవాటికన్నా ఎక్కువే.

ఇక బావ. ప్రతి ఉగాదికీ పేక మానేస్తాడు, ఏరువాక నాటికి మొదలెడతాడు. మిరపకి నీళ్లు కట్టాల్సిన రాత్రి కరెంటొచ్చి పోయినా ఆయన చేతిలో జోకరు కదల్లేదు. నష్టమంటారా, మా చెల్లెలి నానుతాడుకి కుదువ కొట్టు దారి కంఠతా వచ్చు. మూడింటికి మూడూ, ఫుల్ కౌంటు. ఈయన్ని గుంటూరు తీసుకెళ్దామని ఎవరూ అనరేం? ఈయనది సరదా కాబట్టి.

సరదా కాదు, నైపుణ్యం అంటాడాయన. ఆ మాట సుప్రీంకోర్టుది. సికింద్రాబాదులో ఒక క్లబ్బు మీద పోలీసులు పడితే కేసు ఢిల్లీ దాకా వెళ్లి, 1967లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఓడిపోయి, రమ్మీ ప్రధానంగా నైపుణ్యమున్న ఆట అని తీర్పొచ్చింది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలట, ఏది ఉంచాలో ఏది పారెయ్యాలో తెలియాలట. యాభై ఏళ్ల తర్వాత ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలు ఆ తీర్పునే తాయెత్తులా కట్టుకుని మన జేబుల్లోకి దిగాయి. మా మేనల్లుడు క్షణంలో వందమందిలో శత్రువునెవరో పోల్చుకుని, ఎదురుగోడ చాటుకి దూకి, మాటసాయంతో మిగతా ముగ్గుర్నీ నడిపిస్తే మాత్రం అది నైపుణ్యం కాదు, మెదడు చెడిపోవడం.

ఇక సర్కారువారి సంగతి. 2020 సెప్టెంబరు 2న కేంద్రం పబ్జీని నిషేధించింది. మర్నాడే ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఆన్‌లైన్ రమ్మీని, పోకర్‌ని నిషేధిస్తున్నామంది. అక్కడా పక్కపక్కనే చూశారా! పబ్జీని పిల్లల కోసం తీసేశారనుకునేరు, చెప్పిన కారణం దేశ భద్రత. అదే ఆట 2021లో పేరు మార్చుకుని వచ్చింది, 2022లో పోయింది, 2023లో మళ్లీ వచ్చింది. మానడం, మొదలెట్టడం, మళ్లీ మానడం. ఈ లక్షణం కుర్రాడిలో కనపడితే డాక్టరు ఏం రాస్తాడో చెప్పనక్కర్లేదు.

2023 అక్టోబరు నుంచి పందెం సొమ్ము మీద 28 శాతం జీఎస్టీ వేశారు. వ్యసనమైతే పన్నెలా వేస్తారని అమాయకంగా అడక్కండి, మద్యం దుకాణం ముందు నిలబడి ఆలోచించండి. అదే ఏడు హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో వీడియో గేములకి పతకాలిచ్చారు. చివరికి 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది: డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు, నైపుణ్యమైనా అదృష్టమైనా, బంద్, డబ్బు పందెం లేని ఈ-స్పోర్ట్స్‌కి ప్రోత్సాహం. నిజం చెప్పొద్దూ, గీత సరైన చోటే గీశారు. ఇల్లు కాలాక బావి సరైన చోటే తవ్వినట్టు. దానికి ముందు నెలలోనే మహారాష్ట్ర వ్యవసాయ మంత్రి సభలో కూర్చుని ఫోనులో రమ్మీ ఆడుతున్నాడని వీడియో బయటికొచ్చింది. ఆయన ఆడలేదన్నాడు, ప్రకటన వస్తే తీసేస్తున్నానన్నాడు. మావాడూ రోజూ అదే అంటాడు. తేడా ఏమిటంటే ఆ మంత్రిగారికి వ్యవసాయం తీసేసి క్రీడల శాఖ ఇచ్చారు. ఇది నా కల్పన కాదు.

పల్నాటివాళ్లం, మనకి ఆట గురించి ఎవరో చెప్పాలా? మన పల్నాటి యుద్ధం కథలో ఇద్దరు ఆటగాళ్లున్నారు. ఒకరు బ్రహ్మనాయుడు. ప్రత్యర్థి నాగమ్మతో కోడిపందెం కట్టి, ఓడి, మాచర్లని ఏడేళ్లు వదిలేసి మందీమార్బలంతో అడవుల పాలయ్యాడు. రాజ్యాన్ని ఒక పుంజు కాలికి కట్టిన ఆ పెద్దమనిషి మనకి మహామంత్రి, సంస్కర్త, దేవుడు. కారంపూడి వీరుల తిరునాళ్లలో నేటికీ ఒక రోజు కోడిపోరుకే. రెండోవాడు ఆయన కొడుకు బాలచంద్రుడు. వాడు ఆడింది బొంగరం. అది పోయి ఒక ఆడపిల్ల కాలికి తగిలితే, పెద్దలంతా యుద్ధంలో ఉంటే నీకు ఆటలా అని చీవాట్లు తిన్నది వాడు. ఆ యుద్ధం ఎందుకొచ్చిందయ్యా అంటే, నాన్నగారి ఆట కూడా ఒక కారణం. నాన్న ఆడినదానికి కొడుకు చచ్చాడు, అయినా బొంగరానికే చెడ్డపేరు.

పెద్దలు మనకి సప్త వ్యసనాలని ఎప్పుడో రాసిపెట్టారు. స్త్రీ, జూదం, మద్యం, వేట, నోటి దురుసు, చేతి దురుసు, డబ్బు దుబారా. మొన్న ఆదివారం ఫోను లాక్కునే సందర్భంలో మా బావ కొడుకుని తిట్టాడు, కొట్టాడు, పద్దెనిమిది వేల ఫోనుని గోడకేసి కొట్టాడు. ఏడింట్లో మూడు, కాఫీ తాగకముందే! పేకతో నాలుగు. కుర్రాడి తుపాకుల ఆటని వేట కింద జమకట్టినా వాడి ఖాతాలో ఒకటి.

ఆ ఫోను వాడి చేతికెవరిచ్చారు? రెండేళ్లప్పుడు ముద్ద మింగట్లేదని మనమే ఇచ్చాం. 2020లో బళ్లు మూసేస్తే పాఠాల కోసమని కొనిపెట్టాం. బయట ఆడుకోరా అంటే ఎక్కడ ఆడతాడు? బంతాట ఆడిన చోటు మిరపకాయల కల్లమైంది, మిగిలింది ప్లాట్లయింది.

అలాగని జబ్బే లేదనడం లేదు. తిండి మానేసి, బడి మానేసి, మనుషుల్ని మానేసి గదిలో చీకట్లో కూర్చునే పిల్లలు ఉన్నారు. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో ఇలాంటివాళ్ల కోసం 2014 నుంచే ప్రత్యేక క్లినిక్ ఉంది. ఆ పిల్లల్ని కొట్టకూడదు, చూపించాలి. రోజూ తెరిస్తే బహుమతి, మానితే నష్టం, తుపాకీకి రంగు కావాలంటే లాటరీ పెట్టె అని కాచుక్కూర్చున్న కంపెనీల్ని కూడా నిలబెట్టి అడగాలి. కాకపోతే మూడో కేకకి అన్నానికొచ్చే ప్రతివాణ్నీ ఆ వరుసలో నిలబెడితే, నిజంగా మునుగుతున్నవాడి కేక ఎవరికీ వినపడదు.

బావా, శుక్రవారం నేను వస్తున్నాను. ముగ్గురం కలిసే వెళ్దాం. చీటీ రాసే కిటికీ దగ్గర రోగి పేరు అడుగుతారు. పెద్దవాడివి, ముందు నీది చెప్పు.