వరండాలో సేనాపతి

తొమ్మిదో తరగతికి అమెరికా స్వాతంత్ర్య పోరాటంలోని యార్క్‌టౌన్ యుద్ధం చెప్పాలి. మాది కడప. సముద్రం చూసిన పిల్లలు తరగతిలో ముగ్గురో నలుగురో. ఓడలు దారి కాస్తే కోట ఎలా పడిపోతుందో బోర్డు మీద బొమ్మ గీస్తే బుర్రకెక్కదు. అందుకే బెంచీలు జరిపించాను.

కిటికీ పక్క వరస చెసపీక్ అఖాతం. అక్కడ నిలబడ్డ ఆరుగురూ ఫ్రెంచి నౌకాదళపతి దె గ్రాస్ ఓడలు. వాళ్లు దారి వదలరు, బ్రిటిష్ వాళ్లకు సాయం అందదు. ఇటు నేల మీద వాషింగ్టన్, ఆయన పక్కనే ఫ్రెంచి సేనాని రొషాంబో. నడుమ, రెండు బెంచీల సందులో, బ్రిటిష్ సేన. అమెరికా ఒంటిచేత్తో గెలవలేదని పిల్లలకు తెలియాలని నా పట్టుదల. ఆ ఓడలే లేకపోతే 1781 అక్టోబరు 19 లేదు.

లొంగిపోయే రోజు బ్రిటిష్ సేనాపతి కారన్‌వాలిస్ ఒంట్లో బాగాలేదని రాలేదు కదా, ఆ వేషగాణ్ణి వరండాలో కూర్చోబెట్టాం. బదులుగా ఆయన కింది సేనాని ఒహారా వచ్చాడు, చేతిలో కత్తికి బదులు స్కేలు. రొషాంబోకు ఇవ్వబోతే ఆయన వాషింగ్టన్‌ను చూపించాడు. వాషింగ్టనేమో తన కింది సేనాని లింకన్‌ను చూపించాడు. (అబ్రహాం కాదు, బెంజమిన్. ముందటేడు చార్లెస్టన్‌లో బ్రిటిష్ వాళ్లకు లొంగిపోయిన మనిషి.) లింకన్ చేతికి స్కేలు అందగానే బెంచీలు దద్దరిల్లాయి. పక్క తరగతి టీచర్ తొంగిచూసి వెళ్లారు.

గోల సద్దుమణిగాక తలుపు పక్కనున్న అమ్మాయి లేచింది.

"సార్, కారన్‌వాలిస్‌ను ఏం చేశారు? ఉరి తీశారా?"

"లేదమ్మా, వాళ్ల దేశం వెళ్లిపోయాడు. 1786లో ఇంకో ఉద్యోగమిచ్చి పంపారు."

"ఎక్కడికి సార్?"

"మన దేశానికే. గవర్నర్ జనరల్‌గా."

బోర్డు వైపు తిరిగి 1792 అని రాశాను. శ్రీరంగపట్నం ముట్టడి. టిప్పు రాజ్యంలో సగం పోయింది. ఆయన కొడుకులిద్దరిని, మీకంటే చిన్నపిల్లల్ని, కారన్‌వాలిస్ జామీనుగా పట్టుకెళ్లాడు. పంపకాల్లో మన కడప నిజాం వాటాకు పోయింది. ఎనిమిదేళ్లకు నిజాం దాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు.

ఎవరూ పలకలేదు. వరండాలోంచి గొంతు వినిపించింది.

"అయిపోయిందా సార్? లోపలికి రానా?"

ఆ అమ్మాయి తలుపు మూసి గడియ పెట్టింది.